నలభై సెకన్లు

మపుటోలో మా బండిని షాపా అంటారు.
పదిహేను సీట్లు, ఇరవై రెండు నడుములు.
తలుపులో వేలాడే నేను లెక్కలో లేను.
జింపేతు నుంచి బైషా దాకా
నా గొంతే టికెట్టు, నా గొంతే గంట.

పొద్దున ఐదింటికి జనం వెనక్కి ప్రయాణిస్తారు.
ఊళ్ళోకి పోవాల్సినవాళ్ళు ముందు ఊరి చివరికి పోయి
అక్కడ సీటు పట్టుకుని తిరిగొస్తారు.
వెళ్ళేది ఒక చోటికే, చార్జీలు రెండు.
మేమూ తక్కువ తినలేదు.
నడిదారిలో బండాపి "ఇంతే, దిగండి" అంటాం,
మిగిలిన ముక్కకి మళ్ళీ వసూలు.
"డీజిలు నాది, టైర్లు నావి,
గుంతలొక్కటే అందరివీ" అంటాడు
డ్రైవరు బెర్నార్దినో, అద్దంలోంచి నన్ను చూసి.

షాపాలు చాలని సాయంత్రాలు
టాపు లేని ట్రక్కులొస్తాయి.
వాటి పేరు మై లవ్.
పట్టుకోడానికి కమ్మీ ఉండదు,
మనిషే మనిషిని వాటేసుకోవాలి.
మలుపు దగ్గర
డ్యూటీ దిగిన నర్సు
సిమెంటు అంటిన చొక్కాని గట్టిగా పట్టుకుంటుంది,
మలుపు దాటగానే ఇద్దరూ చెరో దిక్కు చూస్తారు.
దీన్ని ప్రేమ అనడం మా ఊరికే చెల్లింది.

ఆ ట్రక్కూ ఎక్కలేని మనిషి ఒకామె ఉంది.
ఫెలిజార్దా మత్సీన్యె.
షిపమనీన్ బజార్లో చిరిగిన కపులానాలు కుడుతుంది.
రెండు చంకకర్రలు.
బండి ఆపమని చెప్పాలంటే ఒక కర్ర ఎత్తాలి,
కర్ర ఎత్తితే తూలుతుంది.
ఆమె ఎక్కడానికి నలభై సెకన్లు.
ఆ నలభైలో వెనక షాపా మమ్మల్ని దాటిపోయి
ఏడుగుర్ని ఎక్కించుకుంటుంది.
ఈ లెక్క నాకు బడిలో చెప్పలేదు.
ఫార్మసీ మూల వచ్చేసరికి
నా తల దానంతటదే
రోడ్డుకి అవతలి వైపు తిరిగేది.

మొన్న నగరపాలక కార్యాలయంలో సభ పెట్టారు.
కొత్త విధానం, ముసాయిదా, అభిప్రాయాలు.
మా సంఘం తరఫున నన్ను పొమ్మన్నారు,
ఆ రోజు బండి గ్యారేజీలో ఉంది కనక.
రెండో అంతస్తు. లిఫ్టుకి ఒక కాగితం అంటించి ఉంది.
గోడ మీద బొమ్మ: పొగలేని బస్సు,
నేలకి వంగిన మెట్టు, దాని మీద నవ్వుతున్న చక్రాల కుర్చీ.
కళ్ళద్దాలాయన చదివాడు.
అందరికీ అందుబాటు. అందరికీ అందే ధర.
రేపటి పిల్లలకి మిగిలే గాలి.
మంచి మాటలే. నేనూ చప్పట్లు కొట్టాను.

టీ కప్పులు తీసేస్తుండగా వచ్చింది ఫెలిజార్దా.
మెట్ల మీద మోచేతులు గీసుకుపోయాయి.
కూర్చోమంటే కూర్చోలేదు.
"ఆరింటికి బయల్దేరాను.
పదకొండో పేజీ నా గురించే అట.
నేను వచ్చేసరికి అది అయిపోయింది."

కళ్ళద్దాలాయన ఏదో రాసుకున్నాడు.
పక్కనెవరో నన్ను పేరడిగారు, చెప్పాను.
ఆమె ఇటు తిరిగింది.
"ఈ గొంతు నాకు తెలుసు.
మొహం ఎప్పుడూ చూడలేదు.
పోతూ పోతూ వినిపిస్తుంది."

మర్నాడు ఫార్మసీ మూల
బండి రేకు మీద రెండుసార్లు చరిచాను.
బెర్నార్దినో బూతు తిట్టి బ్రేకేశాడు.
వెనక షాపా దాటిపోయింది, ఏడుగురితో.
ఒక కర్ర నేను అందుకున్నా,
రెండోది ఎవరో స్కూలు పిల్లాడు ఒళ్ళో పెట్టుకున్నాడు.
నలభై కాదు, యాభై రెండు.
గొణుగుతూనే జనం జరిగారు.
ఆమె చిల్లర సరిగ్గా లెక్కపెట్టి నా చేతిలో పోసింది,
కృతజ్ఞత ఏమీ కలపకుండా.

రాత్రి కూలి పంచేటప్పుడు
ఏడు చార్జీలు నా వాటాలో కోశాడు బెర్నార్దినో.
"ఎన్నాళ్ళిలా?" అన్నాడు.
కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.
అతనికీ నలుగురు పిల్లలు.

వంగే మెట్టు ఎప్పుడొస్తుందో నాకు తెలీదు.
నాకు చదువు అంతంతమాత్రం.
ఈ ఏడు చార్జీల సంగతి ఏ పేజీలో ఉందో
ఎవరైనా
కాస్త చూసి చెప్పండి.